ఒక్క పూటే ఉంటే ఎటు? సమకాలీన కళా మ్యూజియమా, పాత ఫ్యాక్టరీయా

కొత్త ఊరు చూడటానికి వెళ్లేవాళ్ల చిట్టాలో ఈ రెండూ తరచూ పక్కపక్కనే ఉంటాయి. ఒకటి సమకాలీన కళా మ్యూజియం. రెండోది ఎప్పుడో మూతపడిన గనో, కరెంటు కేంద్రమో, ఇనుప కర్మాగారమో. దాన్ని శుభ్రం చేసి, జనం తిరిగి చూసేలా మార్చి ఉంటారు. చేతిలో ఉన్నది ఒక్క పూట. రెండింటికీ పరిగెడితే ఏదీ మనసుకు పట్టదు, కాళ్లనొప్పులే మిగులుతాయి.

నా సలహా ముందే చెప్పేస్తాను. సమకాలీన కళ అంటే బెరుకున్నవాళ్లు, "ఇందులో ఏముందో నాకర్థం కాదు" అనుకునేవాళ్లు ముందు పాత ఫ్యాక్టరీకి వెళ్లండి. ఫలానా కళాకారుడి పని చూడాలని ముందే అనుకున్నవాళ్లు, ఎక్కువసేపు నడవలేనివాళ్లు మ్యూజియానికి వెళ్లండి. ఇంతవరకు తేలికే. చిక్కు వేరే చోట ఉంది. "ఫ్యాక్టరీని మార్చిన చోటు" అన్న ఒక్క పేరుతో మూడు రకాల చోట్లు చలామణి అవుతున్నాయి. యంత్రాలు అలాగే ఉన్నవి కొన్ని, యంత్రాలు తీసేసి కళ పెట్టినవి కొన్ని, గోడలు మాత్రమే ఉంచి దుకాణాలు పెట్టినవి కొన్ని. ఏ రకానికి వెళ్తున్నామో తెలుసుకోకుండా వెళ్లి నిరాశపడ్డవాళ్లను చాలామందిని చూశాను. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం వాటి గురించే.

తెల్ల గోడలు ఎందుకంటే

ముందు మ్యూజియం సంగతి. లోపలికి అడుగు పెట్టగానే తెలిసేది నిశ్శబ్దం. తెల్ల గోడలు, బయటి ప్రపంచం కనిపించని గదులు, బొమ్మకీ బొమ్మకీ మధ్య బోలెడంత ఖాళీ. కొందరికి పరీక్ష హాల్లోకి వచ్చినట్టు ఉంటుంది. ఆ ఖాళీ కావాలని ఉంచిందే. గది చూపును తనవైపు లాక్కోకూడదు, చూపంతా ఎదురుగా ఉన్న కళాకృతి మీదే నిలవాలి. 1929లో మొదలైన న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం మోమా ఈ పద్ధతిని బాగా వ్యాప్తిలోకి తెచ్చింది. తర్వాత చాలా దేశాల మ్యూజియాలు అదే బాట పట్టాయి.

వెలుతురును కూడా లెక్క ప్రకారమే పెడతారు. కాగితం మీద గీసిన బొమ్మలు, వస్త్రాలు, ఫొటోల దగ్గర సాధారణంగా 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాటనివ్వరు. నూనె రంగుల చిత్రాలకు 200 లక్స్ వరకు ఒప్పుకుంటారు. మామూలు ఆఫీసు గదిలో 500 లక్స్ దాకా ఉంటుంది కాబట్టి, బయటి నుంచి వచ్చినవాళ్లకు ఆ గది చీకటిగా తోస్తుంది. కాంతి తగిలినకొద్దీ రంగు వెలుస్తుంది, వెలిసిన రంగు మళ్లీ రాదు. విసుక్కోకుండా రెండు నిమిషాలు ఆగితే కళ్లు అలవాటు పడతాయి. గాలిలో తేమను కూడా ఇలాగే అదుపులో ఉంచుతారు. పెద్ద ఫ్యాక్టరీ షెడ్డులో ఇంత జాగ్రత్త చాలా కష్టం. అందుకే సున్నితమైన కళాకృతులు చూడాలనుకునేవాళ్లు రెండో ఆలోచన లేకుండా మ్యూజియాన్ని ఎంచుకోవచ్చు.

మ్యూజియంలో అసలు శత్రువు అలసట. బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ 1916లోనే దీని గురించి రాశారు. అద్దాల పెట్టెల్లోని వస్తువుల కోసం ఒక మనిషి ఎలా వంగాలో, ఎలా మెడ సాచాలో ఫొటోలు తీయించి మరీ చూపించారు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో సందర్శకులను గమనించి 2001లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఒక్కో చిత్రం ముందు జనం నిలబడిన సమయం సగటున 27 సెకన్లు అని తేలింది. అందులోనే పక్కనున్న వివరం చదవడం కూడా అయిపోవాలి. అంటే చాలామంది చూడటం లేదు, దాటుకుంటూ పోతున్నారు.

అందుకని మ్యూజియానికి వెళ్తే ఒక్క నియమం పెట్టుకోండి. అన్నీ చూడను, పది చూస్తాను. గదిలోకి వెళ్లగానే ఒకసారి చుట్టూ తిరిగి రండి, ఏది మిమ్మల్ని ఆపిందో దాని ముందు ఐదు నిమిషాలు ఉండండి. వివరం రాసిన చీటీ ఆ తర్వాత చదవండి. ముందే చదివితే చీటీలో ఉన్నదే బొమ్మలో కనిపిస్తుంది, మీ కన్ను పనిచేయడం మానేస్తుంది. వీడియో కళాకృతుల దగ్గర నిడివి ఎంతో చూసుకోండి. కొన్ని మూడు నిమిషాలే ఉంటాయి, కొన్ని గంట దాటతాయి. మధ్యలో వెళ్లి మధ్యలో లేచి రావడం తప్పేమీ కాదు, కానీ నచ్చితే మొదటి నుంచి చూడటానికి సమయం అట్టిపెట్టుకోండి.

మ్యూజియాలన్నీ బిగుసుకుని ఉండవని కూడా చెప్పాలి. జపాన్‌లోని కనజావాలో 2004లో తెరిచిన మ్యూజియం గుండ్రంగా, చుట్టూ అద్దాలతో ఉంటుంది, ముందు వెనక అంటూ ఉండవు. లోపల లియాండ్రో ఎర్లిచ్ చేసిన ఈత కొలను ఒకటి ఉంది. పైనుంచి చూస్తే నీళ్ల అడుగున మనుషులు బట్టలతో నడుస్తున్నట్టు కనిపిస్తారు. అద్దం మీద పలచటి నీటి పొర, కింద మామూలు గది, అంతే. అక్కడ పిల్లలకు కళ గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. దగ్గర్లో ఇలాంటి మ్యూజియం ఉంటే, పిల్లలతో ఫ్యాక్టరీకే వెళ్లమని నేను చివర్లో చెప్పబోయే సలహాను పక్కన పెట్టేయండి.

యంత్రాలు మిగిలి ఉన్న చోటు

నాకు అన్నిటికంటే ఇష్టమైన రకం ఇది. ఇక్కడ చూడాల్సిన వస్తువు భవనమే. దాన్ని అలంకరించి పెట్టలేదు, పని కోసం అలా కట్టారు. ప్రతి పైపూ ఎక్కడినుంచో ఎక్కడికో ఏదో మోసింది. సమకాలీన కళ ముందు బెరుకుపడేవాళ్లను ముందు ఇక్కడికి పంపడానికి కారణం అదే. "ఇది ఏమిటి?" అన్న ప్రశ్నకు ఇక్కడ ఖాయంగా జవాబుంటుంది. బొగ్గు ఇక్కడ పడుతుంది, ఇక్కడ కడుగుతారు, ఇక్కడినుంచి బండిలోకి పోతుంది. ఒక వస్తువును ఓపికగా, దాని ఆకారానికి కారణం వెతుక్కుంటూ చూడటం ఇక్కడ అలవాటవుతుంది. ఆ అలవాటు తర్వాత మ్యూజియంలో పనికొస్తుంది.

జర్మనీలో ఎసెన్ నగరంలోని జోల్‌వరైన్ బొగ్గు గని దీనికి మంచి ఉదాహరణ. అక్కడి 12వ నంబరు షాఫ్ట్ (గనిలోకి దిగే నిలువు బావి) 1932లో పని మొదలుపెట్టింది. ఫ్రిట్జ్ షుప్, మార్టిన్ క్రెమ్మర్ అనే ఇద్దరు ఆర్కిటెక్టులు ఉక్కు చట్రాలు, ఎర్ర ఇటుకలతో మొత్తం సముదాయాన్ని ఒకే తీరులో గీశారు. షాఫ్ట్ మీద నిలబెట్టిన, బొగ్గును పైకి లాగే 55 మీటర్ల జంట చట్రం ఇప్పటికీ ఆ ప్రాంతానికి గుర్తు. రోజుకు 12,000 టన్నుల బొగ్గు పైకి తీసేలా కట్టిన గని అది. 1986 డిసెంబరు 23న మూతపడింది. 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

గని అనగానే భూమిలోకి దిగుతామనుకుంటారు చాలామంది. ఇక్కడ చూసేదంతా నేల మీదే. బొగ్గు కడిగే పెద్ద భవనంలో ఇప్పుడు రూర్ మ్యూజియం ఉంది. దాని ద్వారం కింద లేదు, 24 మీటర్ల ఎత్తులో ఉంది. నారింజ రంగు దీపాలతో కాలుతున్న కోక్‌లా (బొగ్గు నుంచి తయారుచేసే ఇంధనం) మెరిసే పొడవాటి ఎస్కలేటర్ మీద అక్కడికి వెళ్తారు. అక్కడినుంచి మెట్లు దిగుతూ చూస్తారు. ఒకప్పుడు బొగ్గును పైకి ఎక్కించి, అంతస్తు అంతస్తుకూ వేరుచేస్తూ, కడుగుతూ కిందికి దించేవారు. సందర్శకుడు నడిచేది అదే దారి. ఇది తెలుసుకుని వెళ్తే ఆ మెట్లు దిగడమే పాఠంలా ఉంటుంది. తెలియకుండా వెళ్తే "ద్వారం అంత పైన ఎందుకు పెట్టారో" అనుకుంటూ దిగుతారు.

ఆ సముదాయంలోనే కోక్ ప్లాంటు ఉంది. వరసగా 300కి పైగా ఓవెన్లు, బొగ్గును 1000 డిగ్రీలకు పైగా కాల్చి కోక్ చేసిన చోటు. అది 1993లో ఆగిపోయింది. అక్కడివాళ్లు దాన్ని నల్ల వైపు, తెల్ల వైపు అని విడగొట్టి చెబుతారు. నల్ల వైపు బొగ్గు కోక్‌గా మారేది. తెల్ల వైపు ఆ కాల్పులో వచ్చిన గ్యాసును శుద్ధి చేసి తారు, అమ్మోనియా, బెంజీన్ లాంటివి వేరుచేసేది. సమయం తక్కువుంటే నల్ల వైపే చూడండి. ఆ ఓవెన్ల వరస పొడవునా నడుస్తుంటే, ఓవెన్లు మండుతున్న రోజుల్లో ఇక్కడ ఎనిమిది గంటలు నిలబడటం ఎలా ఉండేదో ఊహకు అందుతుంది.

అదే దేశంలో డ్యూస్‌బర్గ్‌లోని పాత ఇనుప కర్మాగారం దీనికి భిన్నం. 1985లో మూతపడిన ఆ చోటును పీటర్ లాట్జ్ సంస్థ పార్కుగా మార్చింది. 1994లో జనానికి తెరిచారు. టికెట్ లేదు, రాత్రీ పగలూ వెళ్లొచ్చు. ఒక బ్లాస్ట్ ఫర్నేస్ (ఖనిజాన్ని కరిగించి ఇనుము తీసే పెద్ద కొలిమి) మీదికి మెట్లెక్కి పోవచ్చు. ఇనుప ఖనిజం పోసిన గోడల మీద ఇప్పుడు కొండలెక్కేవాళ్లు సాధన చేస్తారు. నీళ్లు నింపిన గ్యాస్ ట్యాంకులో డైవింగ్ నేర్పుతారు. ఖనిజంతో పాటు దూరదేశాల నుంచి వచ్చిన విత్తనాలు మొలిచి పెరిగిన మొక్కలు కూడా అక్కడ ఉన్నాయి. చెప్పేవాళ్లు తక్కువ, తిరిగే స్వేచ్ఛ ఎక్కువ. వివరంగా తెలుసుకోవాలంటే జోల్‌వరైన్, స్వేచ్ఛగా తిరగాలంటే డ్యూస్‌బర్గ్ అని నేను విడగొడతాను.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలనుంది. పాత ఫ్యాక్టరీ అందంగా కనిపిస్తుంది. తుప్పు రంగు, ఎత్తైన పొగగొట్టం, సాయంత్రపు వెలుగు, ఫొటోలు బ్రహ్మాండంగా వస్తాయి. ఆ అందంలో పడి మనుషుల్ని మర్చిపోయే ప్రమాదం ఉంది. చోటు మంచిదా కాదా తేల్చుకోవడానికి నేను వాడే కొలత ఒకటే: ఇక్కడ పనిచేసినవాళ్ల సంగతి ఎక్కడ చెప్పారు? షిఫ్టులు, ప్రమాదాలు, ఊపిరితిత్తుల జబ్బులు, సమ్మెలు, మూతపడ్డ రోజు. వీటి గురించి ఒక్క గది కూడా లేకపోతే ఆ చోటు సగమే చెబుతున్నట్టు.

జర్మనీలోనే ఫోల్క్‌లింగెన్ ఇనుప కర్మాగారం ఈ విషయంలో నన్ను కదిలించింది. 1873లో మొదలై 1986లో ఆగిన ఆ కర్మాగారాన్ని యునెస్కో 1994లోనే జాబితాలో చేర్చింది. ఆరు బ్లాస్ట్ ఫర్నేస్‌లు వరసగా నిలబడి ఉంటాయి. యుద్ధకాలంలో అక్కడ వెట్టిచాకిరీ చేయించిన మనుషుల కోసం ఫ్రెంచ్ కళాకారుడు క్రిస్టియన్ బోల్టాన్‌స్కీ 2018లో ఒక ఇన్‌స్టలేషన్ (చోటునే కళాకృతిగా మలిచే పని) చేశారు. రికార్డు పెట్టెల గోడల మధ్య నడుస్తుంటే మెల్లగా పేర్లు వినిపిస్తాయి. దాన్నే తెల్లగోడల గదిలో పెడితే మంచి కళాకృతి అనుకుని బయటికొస్తాం. కొలిములకు కూతవేటు దూరంలో ఉండటం వల్ల, ఆ పేర్లు ఎవరివో గుండెకు తెలుస్తుంది.

యంత్రాలు తీసేసి కళను పెట్టిన చోటు

రెండు కోరికలూ ఒకే చోట తీరతాయని చాలామంది ఎంచుకునేది దీన్నే. తీరతాయా అంటే, చోటును బట్టి ఉంటుంది.

లండన్‌లోని టేట్ మోడర్న్ అందరికీ తెలిసిన పేరు. గైల్స్ గిల్బర్ట్ స్కాట్ గీసిన బ్యాంక్‌సైడ్ కరెంటు కేంద్రం అది. ఆ దేశపు ఎర్ర టెలిఫోన్ బాక్సు కూడా ఆయన గీసిందే. చమురుతో నడిచిన ఆ కేంద్రం 1981లో ఆగిపోయింది. హెర్జోగ్, డి మ్యూరాన్ అనే స్విస్ ఆర్కిటెక్టులు దాన్ని మార్చగా 2000లో మ్యూజియంగా తెరుచుకుంది. శాశ్వత సేకరణ చూడటానికి టికెట్ లేదు. టర్బైన్లు ఉన్న హాలు 152 మీటర్ల పొడవు, 35 మీటర్ల ఎత్తు. అందులోకి వాలుగా దిగుతున్నప్పుడు అందరూ ఒకసారి తల పైకెత్తుతారు.

ఆ హాలు కళాకారులకు పరీక్ష లాంటిది. చిన్న వస్తువు అక్కడ కనిపించకుండా పోతుంది. 2003లో ఓలాఫుర్ ఎలియాసన్ పొగమంచు, పసుపు దీపాలు, పైకప్పు నిండా అద్దాలతో ఒక పెద్ద సూర్యుణ్ని నిలబెట్టారు. జనం నేల మీద వెల్లకిలా పడుకుని పైన తమ ప్రతిబింబం వెతుక్కునేవారు. 2007లో డోరిస్ సాల్సెడో నేలనే వంకరటింకరగా 167 మీటర్ల మేర చీల్చారు. ప్రదర్శన అయ్యాక ఆ పగులును పూడ్చారు గానీ మచ్చ మిగిలింది. వెళ్లినవాళ్లు నేల వైపు చూస్తే ఆ గీత ఇప్పటికీ కనిపిస్తుంది. ఇవి రెండూ ఆ హాలు కోసమే పుట్టినవి, ఇంకెక్కడా ఇమడవు.

అయితే టేట్ మోడర్న్‌లో కరెంటు ఎలా తయారైందో తెలుసుకోవాలని వెళ్తే దొరికేది తక్కువ. టర్బైన్లు లేవు, బాయిలర్లు లేవు. పై అంతస్తుల్లో ఉన్నవి మామూలు తెల్లగోడల గదులే. కాబట్టి దాన్ని గొప్ప ద్వారం ఉన్న కళా మ్యూజియంగా లెక్కవేయండి, పరిశ్రమల చరిత్ర చూసే చోటుగా కాదు. ఎసెన్‌ను, దీన్ని ఒకే గాటన కట్టేసే సలహాలు నాకు నచ్చనిది ఇందుకే.

భవనమూ కళా నిజంగా కలిసిపోయిన చోటు చూడాలంటే నేను న్యూయార్క్ దగ్గరి డియా బీకన్ పేరు చెబుతాను. 1929లో నాబిస్కో బిస్కెట్ల కంపెనీ అట్టపెట్టెల మీద ప్రింటింగ్ కోసం కట్టుకున్న ఫ్యాక్టరీ అది. రంగులు సరిగ్గా చూసుకోవడానికి పనివాళ్లకు నిలకడైన వెలుతురు కావాలి. అందుకని పైకప్పులో ఉత్తరం వైపు తిరిగిన అద్దాలు వరసగా పెట్టారు. 2003లో మ్యూజియంగా తెరిచాక కూడా చాలావరకు ఆ పగటి వెలుతురుతోనే నడుస్తోంది. అందుకే చలికాలంలో తొందరగా మూసేస్తారు. పనివాడి కంటికి పనికొచ్చిన వెలుతురే చూసేవాడి కంటికీ పనికొచ్చింది. అక్కడ శిల్పి రిచర్డ్ సెర్రా చేసిన ఎత్తైన ఉక్కు వలయాల్లోకి నడిచి వెళ్లొచ్చు. సెర్రా చదువుకునే రోజుల్లో ఉక్కు ఫ్యాక్టరీల్లో పనిచేసి డబ్బు సంపాదించుకున్న మనిషి. ఆ సంగతి తెలిస్తే ఉక్కు మీద ఆయనకున్న పట్టు ఎక్కడినుంచి వచ్చిందో అడగనక్కర్లేదు.

మిగిలినవాటిని క్లుప్తంగా చెబుతాను. అమెరికాలోనే నార్త్ ఆడమ్స్‌లో మాస్ మోకా అనే పాత ఫ్యాక్టరీ సముదాయంలో కళాకారుడు సోల్ లెవిట్ గోడ చిత్రాలు 105 ఉన్నాయి, 2043 దాకా ఉంచుతారు, కాబట్టి తొందరేమీ లేదు. మిలాన్‌లోని హ్యాంగర్ బికోక్కాలో ఆన్సెల్మ్ కీఫర్ కట్టిన ఏడు కాంక్రీటు టవర్లు 2004 నుంచి శాశ్వతంగా ఉన్నాయి. ఒక్కటి చూసి బయటికి రావాలనుకునేవాళ్లకు సరిపోయే చోటు. కేప్‌టౌన్‌లో 1920లలో కట్టిన ధాన్యం గిడ్డంగిని డిజైనర్ థామస్ హెదర్‌విక్ లోపలినుంచి తొలిచారు. నిలువు కాంక్రీటు గొట్టాలను గింజ ఆకారంలో కోసిన ఆ మధ్య హాలు అద్భుతం. 2017లో తెరిచిన ఆ మ్యూజియంలో గదులు మాత్రం మామూలు తెల్ల గదులే.

యంత్రాలూ కళా రెండూ ఉంచేసిన చోటు ఒకటుంది. అక్కడున్నది సమకాలీన కళ కాదు. అయినా చెప్పకుండా ఉండలేను. రోమ్‌లో 1912 నాటి మోంటెమార్తీని కరెంటు కేంద్రంలో నల్లటి డీజిల్ ఇంజిన్ల ముందు ప్రాచీన రోమన్ పాలరాతి శిల్పాలు నిలబడి ఉంటాయి. 1997లో మరో మ్యూజియం మరమ్మతు కోసం తాత్కాలికంగా తెచ్చి పెట్టినవి అక్కడే స్థిరపడ్డాయి. నల్లటి ఇనుము పక్కన తెల్లటి రాయి. ఏది ఎక్కువ అందంగా ఉందో తేల్చుకోలేక నిలబడిపోతాం.

గోడలు మాత్రమే మిగిలినవి

మూడో రకం గురించి ఎక్కువ చెప్పను. లండన్‌లోనే బ్యాటర్సీ కరెంటు కేంద్రం ఉంది. బయటి రూపం తీర్చింది మళ్లీ ఆ స్కాటే. 1983లో ఆగి, దశాబ్దాలు పాడుబడి, 2022లో తెరుచుకుంది. ఇప్పుడు లోపల ఎక్కువగా దుకాణాలు, ఆఫీసులు, ఇళ్లు. ఒక పొగగొట్టంలోంచి అద్దాల లిఫ్టులో 109 మీటర్ల ఎత్తుకు వెళ్లి నగరం చూడొచ్చు. భవనం కూలిపోకుండా బతికింది, అది సంతోషమే. కానీ చరిత్ర కోసమో కళ కోసమో పూట కేటాయించే చోటు కాదు. ఎక్కడైనా సరే, వెబ్‌సైట్‌లో దుకాణాల జాబితా మొదట కనిపించి, ఫ్యాక్టరీ కథ ఒక్క పేరాలో ముగిస్తే అది ఈ రకమే అనుకోండి.

కాళ్లు, వాన, పిల్లలు

మ్యూజియం ఏ వాతావరణంలోనైనా ఒకటే. లిఫ్టులు, బెంచీలు, టాయిలెట్లు, వీల్‌చైర్లు ఉంటాయి. రెండు గంటలు చాలు. అంతకు మించి ఉంటే కళ్లు చూస్తాయి గానీ బుర్రకు ఎక్కదు.

ఫ్యాక్టరీకి సగం పూటైనా కావాలి. భవనానికీ భవనానికీ మధ్య నడక, వాన పడితే తడవడం, చలికాలంలో వేడి చేయని షెడ్లు. మెట్లు చాలాచోట్ల ఇనుప జాలీవి, కింద లోతు కనిపిస్తుంది. ఎత్తంటే భయం ఉన్నవాళ్లకు బ్లాస్ట్ ఫర్నేస్ ఎక్కడం నిజంగానే టెన్షన్. మొహమాటపడి ఎక్కకండి, కిందినుంచి చూసినా నష్టం లేదు. మడమలున్న చెప్పులు జాలీలో ఇరుక్కుంటాయి, అడుగు గట్టిగా ఉన్న బూట్లు వేసుకోండి. వీల్‌చైర్ మీద వచ్చేవాళ్లు, పిల్లల బండి తోసుకొచ్చేవాళ్లు "లోపలికి రావొచ్చా" అని అడిగి ఊరుకోకండి. "ఎంత వరకు రావొచ్చు" అని అడగండి. ప్రధాన భవనానికి లిఫ్టు ఉండి, అసలు చూడాల్సిన యంత్రం దగ్గర మెట్లు మాత్రమే ఉన్న చోట్లు చాలా ఉన్నాయి.

గైడెడ్ టూర్ విషయంలో రెండింటికీ వ్యతిరేక సలహా ఇస్తాను. మ్యూజియంలో గైడ్ లేకుండా వెళ్లండి, మొదటిసారైతే మరీను. మీ కన్నుకు మీ వేగం కావాలి. ఫ్యాక్టరీలో మాత్రం గైడ్ కోసం డబ్బు పెట్టండి. ఎవరూ చెప్పకపోతే అక్కడ కనిపించేది పైపుల అడవి. కొన్ని భవనాల్లోకి గైడ్ లేనిదే రానివ్వరు కూడా. టూర్ ఏ భాషలో ఏ రోజు ఉందో ముందే చూసుకోండి.

పదేళ్లు దాటిన పిల్లలు ఫ్యాక్టరీలో హాయిగా ఉంటారు. అక్కడ గట్టిగా మాట్లాడొచ్చు, ఎక్కొచ్చు, ప్రశ్నలకు సూటి జవాబులుంటాయి. నడక నేర్చిన చిన్నవాళ్లతో మాత్రం అంచులు, ఖాళీలు ఉన్న చోట క్షణం కూడా నిశ్చింతగా ఉండలేం, వాళ్లతో మ్యూజియమే నయం. ఒంటరిగా, మనసు బాగోలేక తిరుగుతున్నవాళ్లకు కూడా నేను మ్యూజియమే చెబుతాను. ఒక బొమ్మ ముందు అరగంట కూర్చున్నా ఎవరూ ఏమిటని అడగరు.

ఫొటోలు తీసేవాళ్లకు ఒక మాట. జర్మనీకే చెందిన బెర్న్డ్, హిల్లా బెహర్ దంపతులు దశాబ్దాల పాటు నీళ్ల ట్యాంకులు, గని చట్రాలు, బ్లాస్ట్ ఫర్నేస్‌లను ఫొటోలు తీశారు. నీడలు పడకుండా ఉండాలని మబ్బు పట్టిన రోజుల్లోనే ఎక్కువగా తీసేవారు. ఒకే రకం కట్టడాలను వరసలుగా పక్కపక్కన పెట్టి చూపేవారు. 1990లో వెనిస్ బియన్నాలే అనే పెద్ద కళా ప్రదర్శనలో వాళ్లకు బంగారు సింహం పురస్కారం వచ్చింది, ఫొటోలకు కాదు, శిల్ప విభాగంలో. కాబట్టి మబ్బు పట్టిందని ఫ్యాక్టరీ మానుకోకండి. వాళ్ల ఫొటోలు చాలా పెద్ద మ్యూజియాల సేకరణల్లో ఉన్నాయి, గోడ మీద కనిపిస్తే దాటిపోకండి.

రెండూ చూసి తీరాలంటే

సాయంత్రం కూడా మీదే అయితే, ముందు ఫ్యాక్టరీ, తర్వాత మ్యూజియం. తిరగేయకండి. నడక, మెట్లు కాళ్లలో సత్తువ ఉండగానే అయిపోవాలి. వారంలో ఒకరోజు రాత్రి దాకా తెరిచి ఉంచే మ్యూజియాలు చాలా ఉన్నాయి, ఫ్యాక్టరీ టూర్లు మాత్రం మధ్యాహ్నంతో ముగుస్తుంటాయి. ఇంకో కారణం కూడా ఉంది. పొద్దున నిజమైన ఉక్కు బరువును, తుప్పు రంగును, యంత్రం పక్కన మనిషి ఎంత చిన్నగా ఉంటాడో కళ్లారా చూసినవాళ్లకు, సాయంత్రం మ్యూజియంలో ఒక ఉక్కు పలక వంగి నిలబడి ఉంటే "ఇదేం కళ" అన్న ప్రశ్న అంత తేలిగ్గా రాదు. దాని బరువెంతో, దాన్ని వంచడానికి ఏం కావాలో ఒంటికి తెలిసి ఉంటుంది.

ముందు ఫ్యాక్టరీ టూర్ సమయం ఖాయం చేసుకోండి, మ్యూజియాన్ని దాని చుట్టూ అమర్చుకోండి. రెండింటి మధ్య గంటైనా ఖాళీ ఉంచండి, ఆ గంటలో ఇంకో దర్శనీయ స్థలం దూర్చకండి. మ్యూజియం గుమ్మం దగ్గర బూట్ల అడుగున ఉన్న మసి, తుప్పు పొడి తుడుచుకుని, బ్యాగు లాకర్లో పెట్టేసి, బొమ్మల కంటే ముందు ఒక బెంచీ వెతుక్కుని కాసేపు కూర్చోండి.